అరెకరం అమ్మి వీడియో గేమ్‌కి పెట్టాలా?

ప్రశ్న: మాది నల్లగొండ జిల్లాలో నాగార్జునసాగర్ తొవ్వలో ఉన్న ఊరు. మూడెకరాల బత్తాయి తోట ఉంది. మా బాబు పోయినేడు హైదరాబాద్‌లో బీటెక్ కంప్యూటర్స్ పూర్తి చేసిండు. క్యాంపస్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ ఆఫర్ లెటర్ ఇచ్చింది, రెండు నెలల్లో జాయినింగ్ అంటున్నరు. ఇప్పుడేమో ఉద్యోగం వద్దు, దోస్తుతో కలిసి సొంతంగా వీడియో గేమ్ చేస్త, రెండేళ్లు పడుతది, ఆరు లక్షలు కావాలె అంటున్నడు. అరెకరం అమ్మాల్నా? మా బావమరిది నూటికి రెండు రూపాయల మిత్తికి ఇస్తానంటున్నడు, తేవాల్నా? ఇదేమన్నా ఆన్‌లైన్ రమ్మీ లాంటిదా అని వాళ్లమ్మకు బుగులు. వాడు చేసిన గేమ్ వీడియో కూడా పంపుతున్న. – ఒక తండ్రి

జవాబు: ముందు వాళ్లమ్మ బుగులు తీర్చేద్దాం. పైసలు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని తెలంగాణ ప్రభుత్వం 2017లోనే గేమింగ్ చట్టం సవరించి నిషేధించింది. 2025 ఆగస్టులో కేంద్రం తెచ్చిన చట్టం దేశమంతటా డబ్బు పందెం ఉన్న ఆన్‌లైన్ ఆటల్ని ఆపేసింది. అదే చట్టం ఈ-స్పోర్ట్స్‌నూ, పందెం లేని మామూలు ఆటల్నీ ప్రోత్సహిస్తామని కూడా అంటుంది. మీ బాబు చేస్తున్నది ఈ రెండో రకం. కొన్నవాళ్లు ఒకసారి ధర కట్టి ఆడుకుంటారు, అంతే. ఇందులో ఇల్లు గుల్లయ్యే ప్రమాదం ఆడేవాళ్లకు లేదు. తయారు చేసేవాళ్లకే ఉంది, మీ ఉత్తరం కూడా దాని గురించే కదా.

మీరు పంపిన వీడియో రెండుసార్లు చూశాను. రాత్రిపూట కరెంటు వస్తే ఒక ఆడపిల్ల చేతిలో బ్యాటరీ లైటు పట్టుకుని బోరు మోటారు దగ్గరికి పోవడం, స్టార్టర్ డబ్బాలో పచ్చ బటన్ నొక్కడం, నీళ్లు కాలువ వెంట పారుతుంటే గట్టు తెగినచోట మట్టి కప్పడం. 2018 జనవరి నుంచి వ్యవసాయానికి ఇరవై నాలుగు గంటల కరెంటు వచ్చింది కాబట్టి ఇప్పటి పిల్లలకు ఆ రాత్రుళ్లు తెలియవు. మీ బాబుకు చిన్నప్పుడు మీ వెంట వచ్చిన జ్ఞాపకం ఉండి ఉంటుంది. నీళ్లు పారే తీరు, ఎండిన మడిలోకి దిగుతూ రంగు మారడం చాలా బాగా చేశాడు. మొహమాటానికి అంటున్న మాట కాదు, వాడి చేతిలో పని ఉంది. అయితే ఆ వీడియోలో నాలుగు నిమిషాలు గడిచాక గానీ ఆడేవాడు ఏం చేయాలో తెలియడం లేదు. ఈ నాలుగు నిమిషాల సంగతి గుర్తుంచుకోండి, పైసల లెక్కలో ఇది మళ్లీ వస్తుంది.

ఇక ఆరు లక్షలు. ఈ అంకె ఎట్లా వచ్చిందో వాణ్ని కాయిదం మీద రాసి చూపించమనండి. ఎందుకంటే గేమ్ తయారీకి కావలసిన సామాను ఈ రోజుల్లో దాదాపు ఉచితం. గోడో అనే ఇంజిన్‌కు (గేమ్ తయారు చేసే సాఫ్ట్‌వేర్‌ను అట్లా అంటారు) రూపాయి కట్టే పని లేదు, ఎప్పటికీ లేదు. యూనిటీ అయితే ఏడాదికి రెండు లక్షల డాలర్ల ఆదాయం దాటేదాకా ఉచితం. అన్‌రియల్‌ వాడితే పది లక్షల డాలర్లు దాటాక అయిదు శాతం అడుగుతారు. అక్కడిదాకా పోతే సంతోషంగా కట్టొచ్చు. కంప్యూటర్ గేములు అమ్మే పెద్ద అంగడి స్టీమ్‌లో ఒక గేమ్ పెట్టడానికి వంద డాలర్లు, అంటే మన పైసల్లో సుమారు తొమ్మిది వేలు. ఆ గేమ్ వెయ్యి డాలర్లు సంపాదిస్తే ఆ వందా వాపసు ఇస్తారు.

మరి ఆరు లక్షలు ఎక్కడికి పోతాయి? ఇరవై నాలుగు నెలలకు పంచండి, నెలకు పాతికవేలు. ఇద్దరు పిల్లలకు మనిషికి పన్నెండున్నర వేలు. అంటే కూకట్‌పల్లిలో హాస్టల్ గది, తిండి, నెట్, అప్పుడప్పుడు బస్సు చార్జీలు. ఇది గేమ్ ఖర్చు కాదండీ, బతుకు ఖర్చు. సంగీతం చేయించుకోవడం, ట్రైలర్ కట్ చేయించుకోవడం లాంటి అసలు గేమ్ ఖర్చులకు ఈ లెక్కలో చోటే లేదని నా అనుమానం. ఇండిపెండెంట్ డెవలపర్లు దివాలా తీసే చోటు సాధారణంగా ఇదే. రెండేళ్లు అనుకున్న పని మూడేళ్లవుతుంది, మూడో ఏడు తిండికి పైసలుండవు, సగం వండిన గేమ్‌ను అట్లాగే మార్కెట్లోకి వదులుతారు.

ఇప్పుడు అమ్మకం వైపు చూద్దాం. కేవలం లెక్క కోసం, గేమ్ ధర పది డాలర్లు అనుకుందాం, వెయ్యి కాపీలు అమ్ముడయ్యాయి అనుకుందాం. పది వేల డాలర్లు అనుకుంటారు పిల్లలు. అట్లా ఉండదు. చాలామంది సేల్ వచ్చేదాకా ఆగి సగం ధరకు కొంటారు. మన దేశం లాంటి చోట్ల ధరే తక్కువ పెట్టాలి. సగటున కాపీకి అయిదు డాలర్లు వచ్చిందనుకుంటే మొత్తం అయిదు వేలు. అందులోంచి యూరప్ దేశాల్లో ధరలోనే కలిసి ఉండే పన్ను పోవాలి, వాపసులు పోవాలి. స్టీమ్‌లో కొన్న పద్నాలుగు రోజుల్లోపు, రెండు గంటలకంటే తక్కువ ఆడి ఉంటే, ఎవరైనా గేమ్ తిరిగిచ్చి డబ్బు తీసుకోవచ్చు. ఆ నాలుగు నిమిషాల అయోమయం ఇక్కడే కొంప ముంచుతుంది. ఈ రెంటికీ కలిపి ఒక వెయ్యి తీసేస్తే నాలుగు వేలు. స్టీమ్ వాటా ముప్పై శాతం. ఒక గేమ్ అమ్మకాలు కోటి డాలర్లు దాటితే ఆ పైన పాతిక శాతం, అయిదు కోట్లు దాటితే ఆ పైన ఇరవై శాతం చేస్తారు. చిన్నవాడికి మాత్రం ముప్పయ్యే. మిగిలింది రెండు వేల ఎనిమిది వందలు. అమెరికాలో అమ్మిన భాగం మీద మన దేశంతో ఉన్న ఒప్పందం ప్రకారం పదిహేను శాతం పన్ను పట్టుకుంటారు (పాన్ నంబరుతో ఫారం నింపితేనే పదిహేను, లేకుంటే ఇంకా ఎక్కువ). చేతికి రెండు వేల ఆరు వందల యాభై వచ్చిందనుకుందాం. డాలర్‌ను 85 రూపాయలుగా వేసుకుంటే సుమారు రెండు లక్షల పాతిక వేలు.

ఇద్దరు మనుషులు, రెండేళ్లు. ఒక్కొక్కరికి నెలకు అయిదు వేలు కూడా రాలేదు. అదీ వెయ్యిమంది కొంటే. 2024 ఒక్క ఏడాదిలో స్టీమ్‌లో 18 వేలకు పైగా కొత్త గేములు వచ్చాయి, రోజుకు యాభై. వాటిలో వెయ్యి కాపీలు కూడా అమ్మలేనివి బోలెడు.

మీ బావమరిది మిత్తి ఇందులోకి తెచ్చి చూడండి. ఆరు లక్షలకు నూటికి రెండు అంటే నెలకు పన్నెండు వేలు, రెండేళ్లకు మిత్తి ఒక్కటే రెండు లక్షల ఎనభై ఎనిమిది వేలు. అసలుతో కలిపి 8 లక్షల 88 వేలు తీర్చాలంటే పై లెక్కన దాదాపు నాలుగు వేల కాపీలు అమ్మాలి. ఆగండి, వచ్చినదాంట్లో సగం దోస్తుది. అప్పు మాత్రం మీ ఒక్కరిది. కాబట్టి ఎనిమిది వేల కాపీలు. ఈ ఒక్క లెక్క బాబు ముందు పెడితే చాలు, మీరు గొంతు పెంచే పని ఉండదు.

యూట్యూబ్‌లో వాడు చూసే వీడియోలన్నీ గెలిచినవాళ్లవే. ఆ కథల్నే కాస్త దగ్గరగా చూడమనండి. స్టార్‌డ్యూ వ్యాలీ అనే వ్యవసాయం గేమ్ ఉంది, మీ బాబుకు తప్పకుండా తెలిసి ఉంటుంది. ఎరిక్ బరోన్ అనే అమెరికన్ ఒక్కడే నాలుగేళ్లకు పైగా కూర్చుని బొమ్మలు, సంగీతం, కోడ్ అన్నీ తనే చేసి 2016 ఫిబ్రవరిలో విడుదల చేశాడు. కోట్లు సంపాదించాడు. ఆ నాలుగేళ్లూ ఇల్లు ఎట్లా గడిచింది? అతను సియాటెల్‌లో ఒక థియేటర్‌లో సీట్లు చూపించే పని చేశాడు, ఇంట్లో ఆయన స్నేహితురాలి సంపాదన ఉండేది. వడ్డీకి తెచ్చిన అప్పు లేదు. మన పుణెలో నోడింగ్ హెడ్స్ గేమ్స్ వాళ్లు ‘రాజీ’ అని మన పురాణాల ఛాయలో ఒక గేమ్ చేశారు. 2017లో జనం దగ్గర చందాలు ఎత్తుదామని కిక్‌స్టార్టర్‌లో పెడితే అనుకున్న మొత్తం రాలేదు. అయినా నిలబడి, బయటి పబ్లిషర్‌తో 2020లో విడుదల చేశారు, మంచి పేరొచ్చింది. వాళ్లు అంతకుముందే గేమ్ కంపెనీల్లో పనిచేసిన అనుభవం ఉన్నవాళ్లు. అమాంగ్ అస్ అనే గేమ్ అయితే 2018లో వచ్చి, రెండేళ్లు ఎవరూ పెద్దగా పట్టించుకోక, 2020లో కరోనా కాలంలో ఒక్కసారిగా ప్రపంచమంతా ఆడింది. ఆ రెండేళ్ల మౌనాన్ని భరించగలిగే స్తోమత ఉన్నవాడికే ఆ మూడో ఏడు దక్కుతుంది. ఎవరి కథలోనైనా వెతకాల్సింది ఒక్కటే: గేమ్ తయారవుతున్నన్నాళ్లు బియ్యం ఎవరి జీతంతో వచ్చాయి?

పబ్లిషర్ల సంగతి మీకు చెప్పడం తేలిక. బత్తాయి తోట కాయ మీద ఉండగానే గుత్తకిస్తారు కదా, వ్యాపారి అడ్వాన్స్ ఇచ్చి, కాయ కోసి, ముందు తను పెట్టింది రాబట్టుకుంటాడు. గేమ్ పబ్లిషర్ కూడా అంతే. తయారీకి పైసలిస్తాడు, ప్రచారం చేస్తాడు, అమ్మకాల్లో ముందు తన పెట్టుబడి పూర్తిగా పట్టుకున్నాక మిగిలినదాంట్లోనే వాటా ఇస్తాడు. పెట్టుబడి వెనక్కి రాకపోతే మీవాడికి ఆ అడ్వాన్సే మొత్తం ఆదాయం. అయినా అది మంచి బేరమే, ఎందుకంటే నష్టం ఆయనది. కాకపోతే ఏ పబ్లిషరూ ఆలోచన చూసి పైసలివ్వడు, ఆడి చూసుకునే డెమో అడుగుతాడు.

ఫోన్‌లో గేమ్ పెడితే తేలిక కదా అని వాడు అనొచ్చు. గూగుల్ ప్లేలో ఖాతా తెరవడానికి ఇరవై అయిదు డాలర్లు, ఒక్కసారే. ఏడాదికి మొదటి పది లక్షల డాలర్ల దాకా వాటా పదిహేను శాతమే. ఇప్పుడు కొత్త వ్యక్తిగత ఖాతాలకు కనీసం పన్నెండు మంది టెస్టర్లు పద్నాలుగు రోజులు వరసగా పరీక్షించాలనే నిబంధన కూడా పెట్టారు, అదేం కష్టం కాదు, హాస్టల్ పిల్లలు చాలు. అసలు కష్టం, మనవాళ్లు ఫోన్ గేమ్‌కు ధర కట్టరు. ప్రకటనల మీద బతకాలి. మన దేశంలో ఒక్కో ప్రకటనకు వచ్చేది పైసల్లో ఉంటుంది, లక్షల మంది రోజూ ఆడితే తప్ప అద్దె వెళ్లదు. ఆ లక్షలమందిని తెచ్చుకోవడానికి పెద్ద కంపెనీలు ప్రకటనలకే కుమ్మరిస్తాయి. మీ బాబు గేమ్ కంప్యూటర్‌కు తగినదే. అక్కడే ఉండనివ్వండి.

నా మాట ఇది. ఉద్యోగంలో చేరమనండి. గేమ్ ఆపమనొద్దు. నెల జీతం వచ్చే మనిషికి రెండేళ్లు కాదు, నాలుగేళ్లు పట్టినా కొంపేం మునగదు, ఆ నాలుగేళ్లలో మీ తోట మీ పేరుమీదే ఉంటుంది. చేరేముందు ఆఫర్ లెటర్, దాంతోపాటు వచ్చే ఒప్పందం చివరిదాకా చదవమనండి. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లు నువ్వు రాసిన ఏ కోడ్ అయినా కంపెనీదే అని, బయటి పనులు చేయరాదని కొన్ని కంపెనీలు రాయించుకుంటాయి. అట్లాంటి మాట కనిపిస్తే హెచ్ఆర్‌కు మెయిల్ పెట్టి, నేను ఖాళీ వేళల్లో సొంత ల్యాప్‌టాప్‌లో ఈ గేమ్ చేసుకుంటున్నాను అని తెలిపి, రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి. కంపెనీ ల్యాప్‌టాప్‌లో ఆ గేమ్ ఫైల్ ఒక్కటి కూడా తెరవొద్దు.

చేరేదాకా చేతిలో రెండు నెలలు ఉన్నాయి. ఆ రెండు నెలలు ఇంటికి రమ్మనండి, అద్దె లేదు, తిండి ఇంట్లోదే. మొత్తం గేమ్ సంగతి పక్కనపెట్టి ఒకే ఒక్క రాత్రి, ఇరవై నిమిషాల ఆట, మొదటి నిమిషంలోనే ఏం చేయాలో తెలిసేలా తయారు చేయమనండి. దాన్ని ఇచ్.ఐఓ అనే సైట్‌లో ఉచితంగా పెట్టొచ్చు, ఖర్చేమీ లేదు. బంధువులు, క్లాస్‌మేట్లు బాగుందనే అంటారు, వాళ్ల మాట లెక్కలోకి రాదు. ముక్కూ మొహం తెలియనివాళ్లు ఎంతమంది చివరిదాకా ఆడారో చూడాలి. వాళ్లు ఆడితే అప్పుడు వంద డాలర్లు కట్టి స్టీమ్‌లో పేజీ తెరవాలి. ఆ వంద డాలర్లు మీరు ఇవ్వండి, తప్పకుండా ఇవ్వండి. విడుదలకు చాలా ముందే పేజీ ఉంటే నచ్చినవాళ్లు విష్‌లిస్ట్‌లో (తర్వాత కొనాలనుకునే వాటి జాబితాలో) పెట్టుకుంటారు, విడుదల రోజు వాళ్లకు కబురు పోతుంది. స్టీమ్ నెక్స్ట్ ఫెస్ట్ అని ఏడాదికి మూడుసార్లు డెమోల జాతర జరుగుతుంది, ఒక గేమ్‌కు ఒక్కసారే అవకాశం, కాబట్టి విడుదల దగ్గరపడ్డాకే వాడుకోవాలి. ఈ విష్‌లిస్ట్ అంకె పెరుగుతుంటే ఉద్యోగం మానే మాట మళ్లీ కూర్చుని మాట్లాడుకోవచ్చు. పెరగకపోతే గేమ్‌ను చిన్నదిగా ముగించి విడుదల చేసేయాలి. ముగించిన చిన్న గేమ్ రెజ్యూమెలో పనికొస్తుంది, సగంలో ఆగిన పెద్ద గేమ్ దేనికీ పనికిరాదు.

వాడికి గేమ్ పనే ఉద్యోగంగా కావాలంటే ఆ దారి కూడా ఉంది. హైదరాబాద్‌లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ లాంటి పెద్ద కంపెనీకి స్టూడియో ఉంది, క్రికెట్ గేమ్ చేసే హిట్‌వికెట్ లాంటి మన కంపెనీలు ఉన్నాయి. గేమ్ డెవలపర్ల పెద్ద సమావేశం ఐజీడీసీ చాలా ఏళ్లు హైదరాబాద్‌లోనే జరిగింది. అట్లాంటిచోట ఒక రోజు తిరిగితే ఎవరికి ఎట్లాంటి మనుషులు కావాలో తెలుస్తుంది. అయితే 2023 నుంచి ప్రపంచమంతటా గేమ్ కంపెనీలు ఉద్యోగాలు తీసేస్తున్నాయి, కాబట్టి చేతిలో ఉన్న సాఫ్ట్‌వేర్ ఆఫర్‌ను దీనికోసం వదులుకోవద్దు. గేమ్ కోసం నేర్చుకున్న త్రీడీ, సిమ్యులేషన్ పని ఫ్యాక్టరీ ట్రైనింగ్‌కు, బిల్డింగుల నమూనాలకు కూడా పనికొస్తుంది. ఇక ‘గేమ్ డిజైన్‌లో వంద శాతం ప్లేస్‌మెంట్’ అని లక్షలు అడిగే ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ఫోన్ చేస్తే పెట్టేయండి. కోడ్ వచ్చినవాడికి ఆ కోర్సు అక్కర్లేదు. చదువే చదవాలనుకుంటే నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ (ఎన్‌ఐడీ) బెంగళూరు క్యాంపస్‌లో డిజిటల్ గేమ్ డిజైన్‌లో మాస్టర్స్ ఉంది, ప్రవేశ పరీక్ష రాసి పోవచ్చు.

దోస్తుతో కాయిదం రాసుకున్నారా అని కూడా అడగండి. రాసుకుని ఉండరు. బొమ్మలు గీసే పిల్లవాడికి ఎనిమిది నెలల తర్వాత వేరే ఉద్యోగం వస్తే ఆ బొమ్మలు ఎవరివి? గేమ్‌ను ముగించే హక్కు ఎవరికి? వచ్చిన పైసల్లో వాటా ఎంత? స్టీమ్ ఖాతా, బ్యాంకు ఖాతా ఎవరి పేరు మీద? ఒక పేజీలో రాసి ఇద్దరూ సంతకం పెట్టుకోవాలి. స్నేహం చెడకుండా ఉండాలంటే ఇప్పుడే, పైసలు రాకముందే. ఆ ఖాతాలోకి డాలర్లు రావడం కూడా మార్చిలో అమ్మితే ఏప్రిల్ ఆఖరుకు. నెలకు వంద డాలర్లు నిండకపోతే వచ్చే నెలకు జరుపుతారు. విడుదల రోజుకు జేబులో కనీసం మూడు నెలల ఖర్చు ఉండాలనేది ఇందుకే.

అరెకరం అమ్మొద్దు. బావమరిది దగ్గర మిత్తికీ తేవొద్దు. ఆయనకు మేనల్లుడి మీద నిజంగా అంత నమ్మకం ఉంటే ఇంకో తీరున ఇమ్మనండి: మిత్తి లేదు, వాయిదా లేదు, గేమ్ అమ్మితే లాభంలో వాటా, అమ్మకపోతే ఇచ్చిన పైసలు పోయినట్టే, మీ దగ్గర గానీ పిల్లవాడి దగ్గర గానీ అడగరాదు. గేమ్‌లకు పెట్టుబడి పెట్టేవాళ్లు సాధారణంగా అట్లాంటి షరతు మీదే పెడతారు. అట్లా అయితే యాభై వేలో లక్షో ఇమ్మనండి, సంగీతానికీ ట్రైలర్‌కూ సరిపోతాయి. ఆయన ఒప్పుకోకపోతే టీ తాగించి పంపండి, కోపం పెట్టుకోవద్దు.